గోడ అవతలికి వినపడేలా

“గాలి కోసం తీసినా అత్తా,” అంది పద్మావతమ్మ మళ్ళీ.

“మాఘమాసంలో గాలేంది నీకు? ఆ పెరటి తలుపు తీసిపెడితే పక్కింటి కోళ్ళన్నీ వంటింట్లోకి వస్తాండాయి. నిన్న ఒకటి నా బియ్యం చాట కాడికొచ్చి నిలబడింది. పీట వేస్తే కూచునేట్టుంది.”

“కోడి వస్తే తోలుకోవచ్చు. తలుపు మూస్తే మహమూదాకు నా ఫిడేలు వినపడదు.”

“అదీ, అట్ల చెప్పు. గాలంట గాలి.”

సరోజమ్మ లేచి వెళ్ళి తలుపు మూసింది. పద్మావతమ్మ ఫిడేలు చాప మీద పెట్టి, వెళ్ళి తీసింది. పొద్దున్నించీ ఇదే వరస. కొట్టుగదిలోంచి రాజమ్మ గొంతు వచ్చింది. “అమ్మా, మూస్తే మూయి, తీస్తే తీయి. ఏదో ఒకటి చేసి ఊరకుండండి. నేను శృతి చేసుకోవాల.”

“నువ్వు గూడా దాని పక్కే,” అని సరోజమ్మ సగం తెరిచిన తలుపుకు అడ్డంగా పీట వేసుకుని తానే కూర్చుంది. కోళ్ళకు దారి లేదు, పాటకు ఉంది. ఆ రోజుకు తగువు అట్లా తెగింది.

ప్రొద్దుటూరులో పత్తి మండీ ఆదినారాయణ ఇల్లంటే అందరికీ తెలుసు. మధ్యాహ్నం భోజనం చేసి ఆయన మండీకి వెళితే, పిల్లలు బడి నుంచి వచ్చేదాకా ఇంట్లో ఆడవాళ్ళే. ఆ కాస్త సమయంలో ఆ ఇంటి చుట్టూ నలుగురు ఆడవాళ్ళు నాలుగు చోట్ల కూర్చుని ఒకే పాట వాయించేవాళ్ళు.

ఆదినారాయణ భార్య పద్మావతమ్మది నడిమిల్లు. పెళ్ళికి ముందు కర్నూలులో తండ్రి ఇంటికి పంతులును పిలిపించి ఆమెకు ఫిడేలు నేర్పించాడు. కాపురానికొచ్చాక పిల్లలు, వంట, వచ్చేపోయే వ్యాపారస్తులు. చాలా ఏళ్ళు ఆ పెట్టె అటక మీదే ఉంది. ఒకసారి దించాక మళ్ళీ ఎక్కించలేదు.

రాజమ్మ ఆదినారాయణకు అక్క. భర్త పోయాక పుట్టింటికి తిరిగొచ్చింది, వెంట వీణ తెచ్చుకుంది. వాయించొద్దని ఆమెను ఎవరూ అనలేదు. నడిమింట్లో కూర్చుంటే వీధిలోకి కనపడుతుందని, భర్త పోయిన మనిషి ఒళ్ళో వీణ చూస్తే నలుగురూ నాలుగు రకాలుగా అనుకుంటారని మాత్రం తల్లి సరోజమ్మ అంది. అందుకని రాజమ్మ కొట్టుగదిలో, శనక్కాయల మూటలకూ చింతపండు కుండలకూ మధ్య కూర్చునేది.

శివమ్మది వీధి వసారా. యాభై దాటిన మనిషి. వాళ్ళమ్మ గుడిలో ఆడిన మనిషి. గుళ్ళలో ఆడించకూడదన్న కొత్త చట్టంతో ఆ ఆటలు పోయాక, శివమ్మ నాటకాల కంపెనీల్లో తెర పక్కన ఫిడేలు వాయించి బతికింది. పద్యం చివర నటుడు రాగం తీస్తుంటే వెనకే ఫిడేలు ఎంతసేపు సాగదీయాలో ఆమెకు బాగా తెలుసు. సరోజమ్మ ఆమెతో ప్రేమగానే మాట్లాడేది, మజ్జిగ ఇచ్చేది. ఆ గ్లాసు వసారా గూట్లోనే ఉండేది. శివమ్మ కూడా అక్కడిదాకానే.

ఇక మహమూదా పెరటి గోడకు అవతల. దూదేకి పరుపులు కుట్టే అల్లాబక్ష్ భార్య. వాళ్ళ తాత కర్నూలు నవాబుల బంధువుల ఇళ్ళలో వాయించినవాడు. ఆయన ఇచ్చిపోయిన దిల్‌రుబా ఒకటి ఆమె దగ్గర ఉంది. పొడుగాటి మెడ, లోపల వరసగా సన్నటి తీగెలు, ఫిడేలు మాదిరే కమానుతో వాయించాలి. ఒక వేసవి మధ్యాహ్నం పద్మావతమ్మ మోహన రాగం వాయిస్తుంటే, అదే రాగం గోడ అవతలినుంచి వేరే నడకతో తిరిగి వచ్చింది. పద్మావతమ్మ ఆగింది. అవతల కూడా ఆగింది. ఆమె ఒక వరస వాయిస్తే అవతలి నుంచి ఇంకో వరస వచ్చింది. పరిచయం అట్లా మొదలైంది. మహమూదాను ఈ ఇంట్లోకి రావద్దని ఎవరూ అనలేదు. రమ్మని కూడా ఎవరూ అనలేదు.

పద్మావతమ్మ షడ్జం పట్టుకుని నిలబెడితే మిగిలిన ముగ్గురూ దానికి తీగెలు సరిచేసుకునేవాళ్ళు. కీర్తనతో మొదలుపెట్టేవాళ్ళు. పల్లవి అయ్యాక గోడ అవతలినుంచి మహమూదా దాన్ని తన తాత దారికి మళ్ళించేది. వసారాలోంచి శివమ్మ నాటకం పద్యం తీరులో ఒక పొడుగాటి రాగం తీసి దానికి తగిలించేది. రాజుపాలెం చేలల్లో శనక్కాయలు పెరికే ఆడవాళ్ళ పాటల్ని రాజమ్మ వీణ మీదికి ఎక్కించింది. అవి మధ్యలో వచ్చేవి. చివర్లో రేడియోలో కొత్తగా విన్న సినిమా వరస ఏదో ఒకటి దొంగతనంగా దూరేది. ఏది ఎక్కడ ఆపాలో, ఎవరు ఎవరికి దారి ఇవ్వాలో మాటల్లో ఎప్పుడూ అనుకోలేదు. అనుకోవాలంటే ఒకరికొకరు కనపడాలి. గోడలు దాటి వినపడాలి కాబట్టి ఎవరికి వారు కమాను నొక్కి లాగేవాళ్ళు. చింతపండు కుండల మధ్యనుంచి వీధి వసారాకు చేరాలని రాజమ్మ వీణను ఎంత గట్టిగా మీటేదంటే సాయంత్రానికి వేళ్ళు వాచేవి.

అయినా బాగుండేది. వీధిలో పోయేవాళ్ళు ఆగి వినేవాళ్ళు. తలుపు దగ్గర పీట మీద కూర్చుని సరోజమ్మ తాళం వేసేది. ఎవరన్నా చూస్తే తొడ మీద ఈగను తోలినట్టు చెయ్యి ఆడించేది.

ఆ ఏడు శివరాత్రి వెళ్ళాక జమ్మలమడుగు నుంచి నారాయణ మాస్టరు వచ్చాడు. ఆదినారాయణకు బడిలో స్నేహితుడు. అక్కడ నేతగాళ్ళంతా కలిసి ఒక చదువుల గది పెట్టుకున్నారని, దానికి ఏడాది నిండిందని, ఆ రోజు సాయంత్రం ఏదన్నా కచేరీ ఉంటే బాగుంటుందని అన్నాడు. ఆయన మాట్లాడుతుండగానే వసారాలో శివమ్మ, నడిమింట్లో పద్మావతమ్మ మొదలుపెట్టారు. మాస్టరు కాఫీ చల్లారేదాకా విన్నాడు.

“ఇదే కావాల ఆదినారాయణా. ఈ నలుగుర్నీ పంపించు.”

“నలుగురు యాడున్నారప్పా? ఇద్దరే కదా కనపడేది.”

“నాకు నాలుగు వినపడతాండాయి,” అన్నాడు మాస్టరు.

ఆదినారాయణ కాదనలేకపోయాడు. చదువుల గదికి వెళ్ళి వాయించడంలో తప్పు లేదనుకున్నాడు. సరోజమ్మ ముఖం ముడుచుకుంది కానీ, కూతురికి తోడుగా కోడలు ఉంటుందిలే అని ఊరుకుంది. బస్సులో రాజమ్మా పద్మావతమ్మా ముందు సీటులో, శివమ్మ వెనక సీటులో, బురఖాలో మహమూదా ఆమె పక్కన. ఏళ్ళ తరబడి కలిసి వాయించిన నలుగురూ ఒక చోట కూర్చోవడం అదే మొదలు. ఏం మాట్లాడుకోవాలో ఎవరికీ తోచలేదు. శివమ్మ తెచ్చిన మరమరాలు ఒకరికొకరు అందించుకుంటూ వెళ్ళారు.

జమ్మలమడుగులో పందిరి నిండా జనం. మగ్గాలు ఆపి వచ్చిన మగవాళ్ళు ముందు, పిల్లల్ని ఒళ్ళో పెట్టుకున్న ఆడవాళ్ళు పక్కన. వేదిక మీద ఒక జంపఖానా, మధ్యలో ఒక మైకు. నలుగురూ వరసగా కూర్చున్నారు. పద్మావతమ్మ షడ్జం పట్టింది. అంతవరకు బాగానే ఉంది.

కీర్తన మొదలైన కాసేపటికే ఏదో తేడా వచ్చింది. ఎవరూ తప్పు వాయించడం లేదు. కానీ నాలుగూ ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి. శివమ్మ కమాను చెవి పక్కనే రంపంలా లాగుతోంది. అది మించాలని పద్మావతమ్మ ఇంకా నొక్కింది. మహమూదా దిల్‌రుబా ఆ రెంటినీ మించాలని చూసింది. మధ్యలో రాజమ్మ వీణ వినపడక, ఆమె ఇంకా గట్టిగా, ఇంకా గట్టిగా మీటింది. మైకు ఈ నాలుగింటినీ పట్టి పందిరంతా విసిరికొట్టింది. వెనక ఎవరో పిల్లవాడు చెవులు మూసుకున్నాడు. టప్పున వీణ తీగె తెగింది.

ముందు వరసలో ఒక పెద్దాయన నింపాదిగా అన్నాడు. “అమ్మా, తగువులేమన్నా ఉంటే ఇంటికాడ తీర్చుకోండి.”

పందిరంతా నవ్వింది. పద్మావతమ్మ కమాను ఆపింది. శివమ్మ ఒక్కతే మంగళం వాయించింది. నాటకాల్లో ఎన్నో రభసలు చూసిన మనిషి. నలుగురూ దిగిపోయారు. నారాయణ మాస్టరు తలా ఒక చీర పెట్టి, “మైకు మంచిది కాదమ్మా” అన్నాడు. మైకు మంచిదేనని అందరికీ తెలుసు.

వాళ్ళు ఇల్లు చేరకముందే కథ ప్రొద్దుటూరు చేరింది.

“నేను చెప్పలా?” అంది సరోజమ్మ. “కీర్తన కీర్తన మాదిరి ఉండాల. అందులోకి వాళ్ళ తాత పాట, నాటకాల పద్యం, కూలోళ్ళ పాట, సినిమా పాట. అన్నీ ఒక కుండలో పోసి కలబెడితే ఎవరు తింటారు? మనుషులు గూడా అంతే. ఎవరి చోట వాళ్ళుంటేనే మర్యాద.”

“ఇంట్లో వింటాన్నప్పుడు బాగుండలేదా అత్తా నీకు?”

సరోజమ్మ తడుముకోకుండా చెప్పింది. “బాగుంది. కాదని ఎందుకంటా? అది ఇంట్లో మాట. పందిట్లో మాట వేరే.”

నాలుగు రోజులకు ఆదినారాయణ ఇంకో కబురు తెచ్చాడు. పులివెందులలో ఆయనకు వ్యాపారంలో బాగా కావలసిన ఓబుళయ్య, అక్కడి శ్రీరామనవమి పందిరి పెద్ద. జమ్మలమడుగు సంగతి విన్నాడట. అయినా పద్మావతమ్మ ఫిడేలు గురించి ముందే విని ఉన్నాడు.

“మీ ఇద్దర్నీ పిలుస్తాండాడు. నువ్వూ అక్కయ్యా. కీర్తనలు మాత్రమే. పెద్ద పందిరి, మంచి పేరు. జమ్మలమడుగులో పోయిన పరువు పులివెందులలో తిరిగొస్తుంది. నేను సరే అన్నా.”

“మిగతా ఇద్దరూ?”

“రాముడి పందిట్లోకి శివమ్మను, అల్లాబక్ష్ పెళ్ళాన్ని ఎట్ల పిల్చుకపొమ్మంటావు? ఓబుళయ్య ఒప్పుకున్నా ఊరోళ్ళు ఒప్పుకోరు. వాళ్ళకేం అన్యాయం చేస్తాండం మనం? శివమ్మకు నాటకాలున్నాయి. ఆయమ్మకు ఇల్లుంది.”

ఆయన మాటలో కోపం లేదు. లెక్క చూసి చెప్పినట్టు చెప్పాడు. పద్మావతమ్మకు అదే కష్టంగా అనిపించింది. కోపంగా అంటే తిరిగి ఏదన్నా అనొచ్చు.

మర్నాడు మధ్యాహ్నం ఆమె నడిమింట్లో కూర్చుని షడ్జం పట్టింది. గోడ అవతలినుంచి జవాబు లేదు. ఎంతసేపు పట్టినా లేదు. అప్పుడు ఫిడేలు పెట్టెలో పెట్టుకుని, వీధి తలుపు తీసుకుని, చుట్టూ తిరిగి అల్లాబక్ష్ ఇంటికి వెళ్ళింది. ఇంత పక్కనున్న ఇంటికి ఆమె ఎప్పుడూ వెళ్ళలేదు. ముందు గదంతా దూది. ఏకిన దూది ఒక పక్క మేఘంలా గోడ ఎత్తున, ఏకాల్సింది మరో పక్క. మధ్యలో అల్లాబక్ష్ దూదేకే విల్లు పట్టుకుని కూర్చున్నాడు. ఆమెను చూసి లేచి నిలబడి, “మహమూదా, పక్కింటమ్మ వచ్చింది” అని పిలిచి, తాను టీ నీళ్ళకని బయటికి వెళ్ళిపోయాడు.

మహమూదా కూర్చోమనలేదు. “విన్నాలే అక్కా. మీ ఇద్దరూ పులివెందులకు పోతాండారంట.”

“ఎవరు చెప్పినారు?”

“మీ అత్తమ్మ గొంతు గోడ దాటి రాదనుకుంటాండావా? మీ ఫిడేలు కంటే బాగా వస్తుంది.” ఆమె దూది మీద చెయ్యి ఊరికే రాస్తోంది. “పోండి. జమ్మలమడుగులో నా మూలాన మీకు నామర్దా అయింది కదా.”

“నీ మూలాన అని నేనన్నానా?”

“అనకపోతే ఏమి. నువ్వు గదా ఆడ నా చెవిలో ఆ మాదిరి లాగింది. నేనేమన్నా ఊరవతల ఉన్నానా? పక్కన కూచుని ఉండా. నాకి వాయిస్తాన్నట్టు లేదు అక్కా, గోడకి వాయిస్తాన్నట్టుండె.”

పద్మావతమ్మకు కోపం వచ్చింది. “నువ్వేమన్నా తక్కువ లాగినావా? రాజమ్మ వదిన వీణ తీగె తెగిందంటే ఎవరి మూలాన?”

“నువ్వు లాగితే నేను లాగినా. శివమ్మక్క లాగితే నువ్వు లాగినావు.”

పద్మావతమ్మ నెమ్మదిగా దూది పక్కన కింద కూర్చుంది. మహమూదా అన్న మాట ఆమె చెవిలోనే తిరుగుతోంది. వీళ్ళ నలుగురిలో ఎవరికీ పక్కన మనిషి ఉంటే ఎట్లా వాయించాలో తెలియదు. ఎప్పుడూ పక్కన మనిషి లేదు. కమాను ఎత్తినప్పుడల్లా మధ్య ఒక గోడ ఉండేది, దాన్ని దాటాలని నొక్కేవాళ్ళు. జమ్మలమడుగులో గోడ లేదు. చేతులకు ఆ సంగతి తెలియలేదు.

“నీ దిల్‌రుబా తెచ్చుకో,” అంది.

“ఏంటికి?”

“నీకి వాయిస్తా. గోడకి కాదు.”

మొదట రాలేదు. ఇద్దరూ అలవాటుగా నొక్కారు. దూది గుట్టలు శబ్దాన్ని మింగేస్తుంటే ఇంకా నొక్కారు. మహమూదా కమాను దించి, “ఎవరి మీద అక్కా నీకు అంత కోపం” అంది. నవ్వొచ్చింది. మళ్ళీ మొదలుపెట్టి, అవతలి మనిషి వినపడేంత తగ్గించారు. ఇంకా తగ్గించారు. అప్పుడు మహమూదా ఒక స్వరం దగ్గర వేలితో చేసే చిన్న ఊపు పద్మావతమ్మ మొదటిసారి విన్నది. ఇన్నేళ్ళూ అది గోడ అవతలే ఉండిపోయింది.

మర్నాడు రాజమ్మను తీసుకొచ్చింది. రాజమ్మ వీణకు గుడ్డ చుట్టుకుని, పట్టపగలు వీధిలో నడిచి వచ్చింది. ఎదురింటి ఆవిడ “యాడికి రాజమ్మా” అంటే “పరుపు కుట్టించుకునేదానికి” అంది. ఆ మర్నాడు శివమ్మకు కబురు పెట్టారు. శివమ్మ వచ్చి గుమ్మంలో ఆగింది. అలవాటు. మహమూదా లోపలినుంచి, “ఆడ నిలబడితే గాలి తగిలి దూదంతా ఎగిరిపోతాంది. లోపలికి రా అక్కా, లేకపోతే మాయన నన్ను చంపుతాడు” అంది. శివమ్మ లోపలికి వచ్చింది.

రోజూ మధ్యాహ్నం అల్లాబక్ష్ విల్లు పక్కన పెట్టి బయటికి వెళ్ళేవాడు. పనికి అడ్డమని అనలేదు. ఒకసారి మాత్రం “మా మసీదు కాడ అడుగుతాండారు, మీ ఇంట్లో ఏందప్పా రోజూ పెళ్ళి అని. పరుపులకు బేరం బాగుంది అన్నా” అని నవ్వాడు. కమానుకు రుద్దే రాళ జిగురుకు దూది అంటుకుని మీసాల్లా వేలాడేది. వాటిని దులుపుకుంటూ నలుగురూ మోకాళ్ళు తగిలేంత దగ్గరగా కూర్చుని, ఉన్నవే మళ్ళీ నేర్చుకున్నారు. వీణ వస్తున్నప్పుడు మూడు కమాన్లూ ఎట్లా సన్నగిల్లాలి. మహమూదా కొత్త దారి పట్టేముందు ఎట్లా తల ఎత్తుతుంది. కూలీల పాట ఎక్కడ కీర్తనకు అతుకుతుంది, ఎక్కడ అతకదు. అతకని చోట వదిలేశారు. అతికిన చోట శివమ్మ కళ్ళు మూసుకుని, “ఇది నాటకంలో అయితే ఇంకోసారి అనేవాళ్ళు జనం” అనేది. అప్పుడు ఇంకోసారి వాయించేవాళ్ళు.

సరోజమ్మకు దూది చెప్పింది. ఒక సాయంత్రం కోడలి జడ చూసి అంది.

“నెత్తిలో ఏందది?”

“దూది.”

“రాజమ్మ నెత్తిలో గూడా ఉంది. ఇద్దరూ యాడ దొర్లి వస్తాండారు?”

పద్మావతమ్మ చెప్పింది. ఎవరి ఇంట్లో, ఎవరెవరు, ఎన్ని రోజులుగా అన్నీ చెప్పింది. సరోజమ్మ, “మన ఇంట్లో ఇంత చోటుండగా పరాయిళ్ళలో దూది పీల్చుకుంటా కూచుంటారా” అని మాత్రం అని, వెంటనే తాను అన్నదేమిటో తెలిసినట్టు లేచి వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఆ రాత్రి ఆదినారాయణకు ఆమే చెప్పింది.

ఆయన రాజమ్మను కూర్చోబెట్టి అడిగాడు. “అక్కా, నువ్వన్నా చెప్పు దానికి. ఓబుళయ్యకు మాటిచ్చినా. ఇద్దరు పోతే కచేరీ. నలుగురు పోతే గలాటా. జమ్మలమడుగు మర్చిపోయినారా?”

“మర్చిపోలేదు నాయనా. తీగె తెగింది నాదే కదా,” అంది రాజమ్మ. అంతకంటే చెప్పలేదు. ఆయన అది ఒప్పుకోలు అనుకున్నాడు.

ఉగాది ముందురోజు, కొత్త అమావాస్య. మండీ మూత. అమావాస్య నాడు భోజనాల దగ్గర ఇంటిల్లిపాదీ ఉండడం ఆ ఇంట్లో అలవాటు. ఆదినారాయణ, పిల్లలు ఇద్దరూ వరసగా కూర్చున్నారు. పద్మావతమ్మ వడ్డిస్తోంది. సరోజమ్మ స్తంభానికి ఆనుకుని పీట మీద కూర్చుని ఎవరికి ఏం తక్కువైందో చూస్తోంది. రాజమ్మ అప్పడాల పళ్ళెం పట్టుకుని నిలబడింది.

“రేపు పొద్దున ఓబుళయ్య తాంబూలం తీసుకుని వస్తాండాడు,” అన్నాడు ఆదినారాయణ పప్పులో నెయ్యి కలుపుకుంటూ. “మీ ఇద్దరూ కాస్త మంచి చీరలు కట్టుకుని కనపడండి. నవమికి కారు పంపిస్తానన్నాడు. ఏమేం కీర్తనలో రాసిమ్మన్నాడు.”

పద్మావతమ్మ కూతురి విస్తట్లో అన్నం వడ్డించి, గిన్నె కింద పెట్టింది. చెంగుతో చెయ్యి తుడుచుకుంది. గొంతు పెంచలేదు. ఈమధ్య తగ్గించి వాయించడం నేర్చుకున్న చెయ్యి, గొంతుకు కూడా అదే నేర్పినట్టుంది.

“ఓబుళయ్యన్నకు నేనే చెప్తా రేపు. మీరు మాటిచ్చినారని నాకు తెల్సు. నన్ను అడగకుండా ఇచ్చినారు కాబట్టి నిలబెట్టలేకపోవడం నా తప్పు కాదు. పులివెందులకు వస్తే నలుగురం వస్తాం. కీర్తన ఉంటుంది, మహమూదా దారి ఉంటుంది, శివమ్మక్క పద్యం ఉంటుంది, వదిన పాట ఉంటుంది. నలుగురం ఒక జంపఖానా మీదే కూచుంటాం.”

ఆదినారాయణ చెయ్యి విస్తట్లోనే ఆగింది. “మళ్ళీ నవ్వుతారు.”

“జమ్మలమడుగులో నవ్వినారంటే దాంట్లో తప్పు నవ్వినోళ్ళది కాదు. నలుగురం కలిసినందుకు చెడలేదండీ అది. కలవకుండా అన్నేళ్ళు వాయించి, ఒక్కరోజు కలిసినామే, అందుకు చెడింది. వదిన కొట్టుగదిలో, శివమ్మక్క వసారాలో, మహమూదా గోడ అవతల. ఆ చోట్లు మేము ఎంచుకున్నవి కాదు.”

సరోజమ్మ ఏదో అనబోయింది. పద్మావతమ్మ ఆమె వైపు తిరిగింది.

“అత్తా, నీకు కష్టమని తెల్సు. ఎల్లుండి నుంచి మధ్యాన్నం వాయించేది ఈ నడిమింట్లోనే అనుకుంటాండా. శివమ్మక్క గడప దాటి వస్తుంది. మహమూదా వీధి వాకిట్లోంచి వస్తుంది. వదిన ఇక్కడే, నా పక్కన, వీధిలోకి కనపడేట్టు కూచుంటుంది. నువ్వు వద్దంటే నాకు కోపం లేదు. దూది కొట్లోనే కూచుంటాం. ఎందాకా అంటే వాయించడం చేతనైనందాకా. వంటకు, పిల్లలకు, నీకు ఏ లోటూ రాదు. కానీ గోడకు మాత్రం ఇంక వాయించను.”

పిల్లలు తినడం ఆపి తల్లినే చూస్తున్నారు. ఆదినారాయణ అక్క వైపు చూశాడు.

రాజమ్మ అప్పడాల పళ్ళెం తమ్ముడి ముందు పెట్టి, ఒకటి తీసి ఆయన విస్తట్లో వేసింది.

“ఓబుళయ్య నలుగుర్నీ వద్దంటే?” అన్నాడాయన. గొంతులో అడగడమే ఉంది, బెదిరింపు లేదు.

“వద్దంటే వాళ్ళ పందిరి వాళ్ళది,” అంది పద్మావతమ్మ. “మేము పోము. ఇద్దరం మాత్రం పోము.”

“నేను గూడా అదే అనుకుంటి,” అని రాజమ్మ మరదలి వైపు తిరిగింది. “కూచోమ్మా, నువ్వు గూడా తిను. మజ్జిగ నేను పోస్తా.”